పాత ఇంటికి రొక్కం బేరం: నా అనుభవం

అమెరికాలో డాలస్ పక్కనున్న గార్లండ్‌లోని మా పాత ఇల్లు మొత్తానికి అమ్ముడుపోయింది. డబ్బు నిన్ననే ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. డాలస్ చుట్టుపక్కల పాత ఇళ్ళున్న మనవాళ్ళలో చాలామందికి ఇదే ఆలోచన ఉందని తెలుసు. వాళ్ళలో ఒక్కరికైనా నాకు పట్టిన గతి తప్పితే చాలు.

ఇల్లు 1972 నాటిది. ఇటుక గోడలు, తక్కువ ఎత్తు పైకప్పు, కాంక్రీటు పలకే పునాది. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండలు ముదిరితే నెర్రెలు విచ్చుతుంది. దాంతోపాటే పునాదీ లేస్తుంది, కుంగుతుంది. అందుకే ఇక్కడ వేసవిలో చెట్లకే కాదు, పునాది చుట్టూ కూడా నీళ్ళు పెడతారు. మేం ఒకసారి పునాది కుంగకుండా దాని కింద పియర్లు, అంటే ఆధార స్తంభాలు, వేయించాం కూడా. తీరా కిందటేడు స్నానాల గదిలో నీళ్ళు వెనక్కి తన్నడం మొదలైంది. ప్లంబరు కెమెరా దింపి చూపించాడు. పలక కిందున్న పోత ఇనుప మురుగు గొట్టం అడుగుభాగం తుప్పుకు తినేసుకుపోయింది. బాగుచేయాలంటే ఇంటి కింద సొరంగం తవ్వాలి, లేదా లోపలి నేల పగలగొట్టాలి. మేం అప్పటికే దగ్గర్లోని ఫ్రిస్కోకి మారిపోయాం. ఖాళీ ఇల్లని బీమా కంపెనీ మామూలు పాలసీ కొనసాగించనంది. వేరే పాలసీకి ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఇక ఉన్నది ఉన్నట్టుగా అమ్మేద్దామని నిర్ణయించుకున్నాం.

ఇక్కడ ఒక మాట. ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమంటే లోపాలు దాచుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. టెక్సస్‌లో ఇల్లు అమ్మేవాళ్ళు తమకు తెలిసిన లోపాలన్నీ రాసి ఇవ్వాల్సిన ఫారం ఒకటుంది. పునాదికి గతంలో చేయించిన మరమ్మతులు కూడా అందులో రాయాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం రంగుల గురించి కేంద్ర ప్రభుత్వం కోరే ప్రకటన వేరు. నేను పియర్ల వారంటీ కాగితం, ప్లంబరు తీసిన వీడియో కూడా జతచేశాను. నా ఫైలు చూసి చివర్లో, ఆస్తి హక్కులు పరిశీలించి అమ్మకం పూర్తిచేసే టైటిల్ కంపెనీ ఆవిడే మెచ్చుకుంది. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను.

ఇక రొక్కం ఇస్తామనేవాళ్ళ సంగతి. పోస్టుకార్డులు, ఫోన్లు, సందేశాలు. ఏ స్థితిలో ఉన్నా కొంటాం, కమిషన్ లేదు, వెంటనే డబ్బు. వీళ్ళలో చాలామంది లెక్క ఒకటే. బాగుచేశాక ఇల్లు ఎంత పలుకుతుందో అందులో 70 శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చు తీసేస్తారు. 3,00,000 డాలర్లు పలికే ఇంటికి 50,000 మరమ్మతు ఉంటే చేతికి వచ్చేది 1,60,000. మాకు వచ్చిన బేరాలన్నీ ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కడు ఇల్లు చూడకుండానే 2,20,000 అన్నాడు. నాకు అనుమానంగానే ఉంది. మావారికి మాత్రం ముచ్చటేసింది. "ఎక్కువిస్తానంటే వద్దంటావా?" అన్నారు.

ఒప్పందం వచ్చింది. కొనుగోలుదారు పేరు పక్కన "లేదా ఆయన సూచించినవారు" అని ఉంది. బయానా 100 డాలర్లు. పైన ఆప్షన్ గడువు. టెక్సస్‌లో కొనేవాళ్ళు కొంత రుసుము కట్టి ఈ హక్కు తీసుకుంటారు. ఆ గడువులోగా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. అమ్మేవాళ్ళకు అలాంటి వెసులుబాటు లేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు భాగోతం. "నా భాగస్వాములు ఒకసారి చూస్తారు" అన్నాడతను. తాళం తీయడానికి నేనే వెళ్ళేదాన్ని. ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. ఎవరికీ ఎవరితోనూ పరిచయం ఉన్నట్టు లేదు. నేను పక్కనే నిలబడి ఉన్నా, లేనట్టే మాట్లాడుకునేవాళ్ళు. వంటింట్లో ముక్కు మూసుకుని "ఈ వాసన గోడల్లోకి దిగిపోయింది, రంగు వేసినా పోదు" అన్నాడొకడు. మేం ఆ ఇంట్లో పిల్లలను పెంచాం. మా అత్తగారి చివరి రోజులు అక్కడే గడిచాయి. అలమారలో పెట్టుకున్న దేవుడి అరలోకి టార్చి వేసి, మసిని చూసి "ఇక్కడేమైనా నిప్పంటుకుందా?" అని అడిగాడు ఇంకొకడు. దీపం పెట్టేవాళ్ళమని చెప్పాను. నవ్వి రాసుకున్నాడు.

ఇదంతా ఓర్చుకున్నాను. అసలు దెబ్బ ఒక ఫోనులో తగిలింది. మాకు తెలిసిన అమ్మాయి. "అక్కా, గార్లండ్ ఇల్లు 2,45,000కి పెట్టారట, ఏమైనా ఇబ్బందిలో ఉన్నారా?" అంది. పంపించమన్నాను. పెట్టుబడిదార్ల ఫేస్‌బుక్ గ్రూపులో మా ఇల్లు, మా వంటిల్లు, మా దేవుడి అలమార. కింద "యజమానులకు డబ్బు అత్యవసరం, తొందరలో ఉన్నారు" అని రాశాడు. మేం అతనికి ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. ఆ ఆదివారం గుడిలో ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, మావారి ఉద్యోగం గురించి నెమ్మదిగా అడిగింది. "ఏం లేదండీ, పాత ఇల్లు అమ్ముతున్నాం అంతే" అంటే నమ్మలేదు. మన సమాజంలో ఇల్లు అమ్ముకున్నారంటే చితికిపోయారనే అర్థం. లక్షల డాలర్ల అప్పు మీద కొత్త ఇల్లు కొన్నవాణ్ణి గొప్పవాడంటాం, అప్పులేని పాత ఇల్లు అమ్మినవాణ్ణి జాలిగా చూస్తాం.

అప్పుడు అర్థమైంది. అతని దగ్గర కొనడానికి డబ్బే లేదు. మాతో రాసుకున్న ఒప్పందాన్నే మరొకరికి ఎక్కువ ధరకు అమ్మి, మధ్యలో తేడా మిగుల్చుకోవడం అతని వ్యాపారం. ఇది ఇక్కడ చట్టవిరుద్ధం కాదు. అయితే తన దగ్గరున్నది ఇల్లు కాదు, కొనే హక్కు మాత్రమేనని అలా అమ్మేవాడు చెప్పాలి. 2017లోనే టెక్సస్ ఆ నిబంధన తెచ్చింది. అతని ప్రకటనలో ఆ ముక్క లేదు.

2,45,000కి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు మాకొక జాబితా పంపాడు. మరమ్మతుల కింద ధర 1,85,000కి తగ్గించాలట. మురుగు గొట్టం సంగతి మేం మొదటి రోజే రాసిచ్చాం, దాన్ని కొత్తగా కనుక్కున్నట్టు రాశాడు. సరే. కానీ ఆ జాబితాలో "ముందు గుమ్మం కలపకు చెమ్మ పట్టిన మరక, గుమ్మం మార్చాలి, 1,200 డాలర్లు" అని ఒక వరుస ఉంది. అది పసుపు! పండగలకు గడపకు రాసిన పసుపు! ఆ వరుస దగ్గరే నా ఓర్పు అయిపోయింది. ఒప్పందంలో ఉన్న ధరకు కొంటే కొను, లేకపోతే తప్పుకో అని రాసి పంపాను. జవాబు లేదు. ముగింపు తేదీ వచ్చింది, పోయింది. అతను రాలేదు.

పీడ వదిలిందనుకున్నాం. ఒక ఏజెంటును పెట్టుకుని, రొక్కం కొనుగోలుదార్లకు మాత్రమే అని రాయించి, ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళు పెట్టే ఎంఎల్ఎస్ జాబితాలో పెట్టాం. పాత ఇళ్ళు బాగుచేసి అద్దెకిచ్చే ఒకాయన వచ్చాడు. గొట్టం వీడియో చూశాడు, తన దగ్గర డబ్బుందని బ్యాంకు ఉత్తరం చూపించాడు, 2,02,000 అన్నాడు. బేరం కుదిరింది. ఇంకేముంది అనుకునేసరికి టైటిల్ కంపెనీ నుంచి పిలుపు. మా ఇంటి మీద కౌంటీ క్లర్కు కార్యాలయంలో ఒక కాగితం నమోదై ఉందట. ఫలానా ఆస్తిని కొనడానికి తనకు ఒప్పందం ఉందని ఆ పాత పెద్దమనిషి నోటరీ చేయించి రికార్డు చేయించాడు. మా సంతకం దాని మీద లేదు. మాకు కబురూ లేదు. అది అక్కడ ఉన్నంతకాలం కొత్త కొనుగోలుదారుకు టైటిల్ బీమా, అంటే యాజమాన్య హక్కుకు భరోసా ఇచ్చే బీమా, రాయబోమన్నారు. ఊళ్ళో ఈసీ తీస్తే తెలియని పేరొకటి బయటపడినట్టయింది.

ఫోన్ చేశాను. ఇన్నాళ్ళూ ఎత్తనివాడు ఈసారి వెంటనే ఎత్తాడు. విడుదల పత్రం మీద సంతకం పెట్టడానికి 5,000 డాలర్లు కావాలన్నాడు, తనకైన ఖర్చులట. మా ఏజెంటు "ఇది మామూలేనండీ, ఎంతోకొంత ఇచ్చి వదిలించుకోండి" అంది. మామూలే అనే ఈ మాటతోనే ఇలాంటివాళ్ళు బతికిపోతున్నారు. నేను ఇవ్వలేదు. స్థిరాస్తి లాయరును పట్టుకుని ఉత్తరం రాయించాను. ఒప్పందం ప్రకారం అతను డబ్బుతో రాలేదని, ఆ కాగితం వల్ల మాకు జరిగే నష్టానికి అతనే బాధ్యుడని అందులో ఉంది. లాయరు ఫీజు అతనడిగిన దానిలో నాలుగో వంతు కూడా కాలేదు. సంతకం పెట్టిన విడుదల పత్రం కొరియర్‌లో వచ్చింది. క్షమాపణ రాలేదు.

కాబట్టి రొక్కం అన్నవాడిని బ్యాంకు ఉత్తరం అడగండి. కొనేవాడి పేరు పక్కన ఇంకెవరో అని ఉంటే కొట్టించండి. బయానా వంద డాలర్లయితే ఆ మనిషికి పోయేది కూడా వందే. కౌంటీ క్లర్కు వెబ్‌సైటులో మీ పేరు మీద ఏమేమి నమోదయ్యాయో అప్పుడప్పుడు వెతకండి.

మిగతా పని సాఫీగా అయింది. టెక్సస్‌లో ఏడాది ఆస్తి పన్ను మరుసటి జనవరి 31లోగా కట్టాలి కాబట్టి, మేం యజమానులుగా ఉన్న నెలలకు మా వంతు మినహాయించుకున్నారు. డబ్బు పంపాల్సిన ఖాతా వివరాలు ఈమెయిలులో ఇవ్వకుండా, నాకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి చెప్పాను. లాభం మీద పన్ను పడలేదు. గత ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ సొంత ఇంట్లోనే ఉన్నాం కాబట్టి, భార్యాభర్తలకు 5,00,000 డాలర్ల లాభం వరకు మినహాయింపు ఉంది.

ఇండియాకు వెళ్ళిపోయి ఇక్కడి ఇల్లు అమ్మేవాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక. పన్ను లెక్కల్లో మీరు విదేశీయులైతే, అమ్మకపు ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) పంపాల్సిన బాధ్యత కొనేవాళ్ళది. లాభంలో కాదు, ధరలో. 3,00,000 లోపు ఇంటిని తాము ఉండటానికే కొనేవాళ్ళయితే అలా పట్టుకోనక్కర్లేదు, కానీ రొక్కంతో వచ్చే పెట్టుబడిదారు అందులో ఉండటానికి కొనడు. ఎక్కువ పట్టినది వెనక్కి రావాలంటే రిటర్ను వేసి ఎదురుచూడాలి.

మా విషయంలో ఇంకా తేలనిది ఒక్కటే. ఖాళీ ఇంటి బీమాలో మిగిలిన నెలల డబ్బు తిరిగి రావాలి. దానికోసం సోమవారం మళ్ళీ ఫోన్ చేయాలి.