మా జిమ్మిగాడు, పిడికెడు కిస్‌మిస్‌లు

మా కుక్క జిమ్మిగాడు కోలుకుని మళ్ళీ పాలబ్బాయి సైకిల్ వెంట పడుతున్నాడు కాబట్టి ఇప్పుడు కోపం తీరా రాస్తున్నాను.

వరలక్ష్మీ వ్రతం రోజు మధ్యాహ్నం, చక్రపొంగలిలో వేయగా మిగిలిన కిస్‌మిస్‌లు మా బాబాయి ముద్దుగా వాడికి పిడికెడు పెట్టేశారు. ద్రాక్ష, కిస్‌మిస్‌ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని ఆయనకేం తెలుసు పాపం. సాయంత్రానికి వాంతులు, అందులో ఉబ్బిపోయిన కిస్‌మిస్‌లు. పక్కింటావిడ ఉప్పునీళ్ళు పోసి ఇంకా కక్కించమన్నారు. నేను పోయనివ్వలేదు, ఆ ఉప్పు కూడా కుక్కకి ప్రమాదమే. మేం చూపించే డాక్టరుగారికి ఫోన్ చేసి ఏం తిన్నాడో విడమరిచి చెప్పాను. "కుక్కన్నాక కక్కుతుందమ్మా, మజ్జిగ పట్టండి, పొద్దున చూద్దాం" అని పెట్టేశారు.

ఆ రాత్రి ఎలా గడిచిందో! నీళ్ళు తాగడం, కక్కడం. గేటు దగ్గరికి నడిపిస్తే కాలెత్తుతాడు, చుక్క రాదు. మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ అంతే. తెల్లవారుజామున కాలెత్తే ఓపిక కూడా లేక నా పాదాల మీద కూలబడిపోయాడు. అమ్మ వాడి నుదుట కుంకుమ పెట్టింది. నేనేమో, మొక్కులంటే నవ్వేదాన్ని, అన్నవరం వస్తాను స్వామీ అనేశాను.

పొద్దున్నే వేరే క్లినిక్‌కి పరిగెత్తాం. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ, తిన్న వెంటనే తెచ్చి ఉంటే ఇంజెక్షన్‌తో కక్కించేదాన్ని అన్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరిగేది) పెరిగింది, మర్నాటికి ఇంకా పెరిగింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ వాడి కాలు కదలకుండా పట్టుకుని కూర్చున్నది బాబాయే. వాడు క్లినిక్ నేలంతా తడిపేసిన రోజు మాత్రం తుడవాల్సిన ఆయాతో సహా అందరం చప్పట్లు కొట్టాం.

ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణమై ఉండొచ్చని 2021 నుంచి పశువైద్యులు అంటున్నారట. అది చింతపండులో దండిగా ఉంటుంది, అంటే మనం ప్రేమగా పెట్టే పులిహోర కూడా అనుమానించాల్సిందే. ఎంత తింటే ప్రమాదమో లెక్క లేదు, ఒక కుక్కకి ఏమీ కాదు, ఇంకోదానికి కొన్నే ఎక్కువ. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా వద్దు. తిన్నదని తెలిస్తే వాంతుల కోసం చూడకండి, వెంటనే ఆటో ఎక్కించండి, పొద్దున చూద్దాం అన్నవాళ్ళని వదిలేసి ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

అన్నవరం వెళ్ళొచ్చాం. ఆ మజ్జిగ డాక్టరుగారి క్లినిక్ మా వాకింగ్ దారిలోనే ఉంది. జిమ్మిగాడు రోజూ ఆ గోడకే కాలెత్తుతాడు, నేను ఆపను.