అక్క స్కీయింగ్, తమ్ముడు స్నోబోర్డింగ్

నిన్న యూటాలో మంచు కొండ మీద నాది ఒక్కో కాలికీ ఒక్కో పలక కట్టుకుని జారే స్కీయింగ్, తమ్ముడిది రెండు కాళ్లూ ఒకే బోర్డుకి బిగించుకుని జారే స్నోబోర్డింగ్. బోర్డు బిగించుకోవడానికి వాడు వాలు మధ్యలో కూర్చుంటే, వెనక నుంచి వచ్చిన ఓ స్కీయర్ "దారికడ్డంగా కూర్చుంటారేంటి" అని కసిరి వెళ్లిపోయాడు. తమ్ముడి మొహం చిన్నబోయింది. నాకు చాలా బాధేసింది.

నిజానికి ఒకప్పుడు స్నోబోర్డర్ల మీద నేనూ లోలోపల విసుక్కున్నదాన్నే. బోర్డు మీద పక్కకు తిరిగి నిలబడతారు కదా, వీపు వైపు ఎవరొస్తున్నారో సరిగా కనిపించదు. అది తెలిశాక వాళ్లకి ఎడంగా వెళ్తున్నాను. స్నోబోర్డింగ్ 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్ నుంచే ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. అయినా అమెరికాలో ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ కొండలు స్కీయర్లకే. న్యూ మెక్సికోలోని టావోస్ మాత్రం 2008లో స్నోబోర్డర్లనీ రానిచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఎంత సంతోషమో!

కిందికొచ్చేసరికి దారి చదునైంది, బోర్డు ఆగిపోయింది. వాడి దగ్గర కర్రలుండవు, ఒక కాలు విప్పుకుని నెట్టుకోవాలి పాపం. నా స్కీ పోల్ వెనక్కి చాచి "పట్టుకోరా" అన్నాను. మంచు అంటిన గ్లవ్‌తో గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, మెల్లగా!" అని అరుస్తూనే నవ్వుతున్నాడు. కొండపైకి తీసుకెళ్లే లిఫ్ట్ దాకా అలాగే లాక్కెళ్లాను.