ర్యాలీ2 కారు స్క్రూటినీ గట్టెక్కిన వైనం

పాత ర్యాలీ2 కారు కొనేవాళ్ళు సాధారణంగా ఇంజన్ ఎంత తిరిగింది, గేర్‌బాక్స్ ఆఖరిసారి ఎప్పుడు విప్పారు అని అడుగుతారు. నేను మొదట హోమోలగేషన్ ఫారం అడిగాను, అంటే కారును ఏ భాగాలతో ఆమోదించారో చెప్పే పత్రం. మా టీమ్‌లో స్పానర్ పనితో పాటు ఫైళ్ళ పనీ నాదే. అంతర్జాతీయ ర్యాలీలో స్క్రూటినీ, అంటే కారు నియమాల ప్రకారం ఉందో లేదో చూసే తనిఖీ, దాటకపోతే డ్రైవర్ ఎంత గొప్పవాడైనా కార్లు బాగుచేసుకునే సర్వీస్ పార్క్‌లో కూర్చోవాల్సిందే.

కొత్తవాళ్ళ కోసం క్లాసుల సంగతి ముందు చెప్పాలి. ఇప్పుడు పైన ర్యాలీ1, దాని కింద ర్యాలీ2, 3, 4, 5. మొదటి మూడూ ఫోర్ వీల్ డ్రైవ్, చివరి రెండూ ముందు చక్రాలతో నడిచేవి. ఎంట్రీ జాబితాలో ఇవే ఆర్‌సీ1 నుంచి ఆర్‌సీ5 దాకా కనిపిస్తాయి. హార్స్‌పవర్‌ని బట్టి క్లాసు వస్తుందని చాలామంది అనుకుంటారు. రెనో క్లియోనే తీసుకోండి. అదే బాడీ, అదే 1.3 లీటర్ టర్బో ఇంజన్‌తో ర్యాలీ4 కారూ ఉంది, ర్యాలీ5 కారూ ఉంది. ఏ భాగాలతో ఏ ఫారం కింద ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ దాన్ని ఆమోదించిందన్న దాన్ని బట్టే క్లాసు తేలుతుంది. కారు మీద ఉన్న ప్రతి ముఖ్యమైన భాగం ఆ ఫారంలో ఫోటోతోనో కొలతతోనో ఉండాలి. కొన్నిటికి కనీస బరువు కూడా రాసి ఉంటుంది.

మా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. అమ్మినవాళ్ళు ఇచ్చిన ఫైల్లో మూల ఫారం శుభ్రంగా ఉంది. కారును లిఫ్ట్ మీద పెట్టి, చేతిలో ఫారంతో ఒక్కొక్క భాగం పోల్చుకుంటూ పోతే ముందు చక్రాల అప్‌రైట్ల (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే భాగాలు) దగ్గర ఆగిపోయాను. ఫోటోలో పక్కటెముక లాంటి అంచు ఒకటి ఉంది, కారు మీది దానికి రెండున్నాయి. పనితనం చూస్తే ఫ్యాక్టరీ సరుకే, ఎవరో గ్యారేజీలో చేసింది కాదు.

కంపెనీలు ఈ కార్లను ఒకసారి ఆమోదం పొందాక ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. లెక్కపెట్టి ఇచ్చిన కొన్ని మార్పుల హక్కు మాత్రం ఉంటుంది, వాటిని జోకర్లంటారు. జోకర్ వాడిన ప్రతిసారీ ఫారానికి ఎక్స్‌టెన్షన్ పేజీ ఒకటి చేరుతుంది. మా అప్‌రైట్ అలాంటిదే. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, "ఆ పేజీతో మాకెప్పుడూ పని పడలేదండీ" అన్నారు. దేశ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ద్వారా పూర్తి సెట్టు తెప్పించుకున్నాం. పేజీ వచ్చాక కథ ఇంకాస్త ముదిరింది. కొత్త అప్‌రైట్‌ను కొత్త కింది ఆర్మ్‌తో (అప్‌రైట్‌ను కారు బాడీకి కలిపే భాగం) కలిపే వాడాలని అందులో రాసి ఉంది. మా కారుకు కుడివైపు కొత్త ఆర్మ్, ఎడమవైపు పాతది. ఎప్పుడో ఏ స్టేజిలోనో (ర్యాలీలో సమయం లెక్కించే రోడ్డు భాగం) దెబ్బ తగిలి, చేతికందింది బిగించేసి ఉంటారు. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. భాగం మీద పోతపోసిన నంబరు చూస్తే తప్ప తెలియదు. ఆ ఆర్మ్ వచ్చేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఇక గాలి సంగతి. ఈ నియమాలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైంది రిస్ట్రిక్టర్. ర్యాలీ2లో 1.6 లీటర్ టర్బో ఇంజన్ పీల్చే గాలంతా 32 మిల్లీమీటర్లు మించని ఒక గొంతు గుండానే పోవాలి. ఆ కొలత కనీసం 3 మిల్లీమీటర్ల పొడవునా నిలవాలి. టర్బో బ్లేడ్ల ముందంచుకు 50 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఇంజన్ వేడెక్కినా చల్లగా ఉన్నా కొలత మారకూడదు. దాన్ని పట్టి ఉంచే స్క్రూల తలలకు సన్నటి రంధ్రాలు ఉండాలి, సీలు తీగ దూర్చడానికి. ఇంజన్‌కు ఎంత బలమున్నా గాలి దొరికినంతే మండుతుంది. బలాన్ని డైనో యంత్రం మీద కొలవాలంటే వంద వాదనలొస్తాయి, గొంతును కొలవడానికి గేజి ఒకటి చాలు.

ఇంత గట్టిగా ఎందుకు రాశారని అడిగేవాళ్ళకు చరిత్రే జవాబు. కేవలం 200 కార్లు తయారుచేస్తే ఆమోదం దొరికే గ్రూప్ బి అనే పాత క్లాసు రోజుల్లో కార్ల వేగం మనుషుల అదుపు దాటింది. 1986లో పోర్చుగల్‌లో ప్రేక్షకులు చనిపోయారు, అదే ఏడాది కోర్సికాలో హెన్రీ టొయివొనెన్, ఆయన కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో చనిపోయారు. 1987 నుంచి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఆ కార్లకు చోటు లేకుండా పోయింది. 1995లో కాటలూన్యా ర్యాలీలో టొయోటా టీమ్ కార్ల రిస్ట్రిక్టర్‌లో దాచిన ఏర్పాటు బయటపడింది. బిగించినప్పుడు అది కాస్త జరిగి పక్క నుంచి అదనపు గాలికి దారి ఇచ్చేది, విప్పితే మామూలుగా కనిపించేది. టీమ్ మీద ఏడాది నిషేధం పడింది. స్క్రూటినీర్లు మన టర్బో దగ్గర అంతసేపు తచ్చాడుతుంటే నాకు విసుగు రాదు. పక్క కారుకూ అదే పరీక్ష జరుగుతుంది, గెలుపుకు విలువ వచ్చేది దానివల్లే.

స్క్రూటినీకి ముందు రిస్ట్రిక్టర్ పరీక్ష ఒకటి మేమే చేసుకున్నాం. ఇంజన్ నడుస్తుండగా రిస్ట్రిక్టర్ నోరు పూర్తిగా మూసేస్తే వెంటనే ఆగిపోవాలి. మాది ఆగలేదు, తడబడుతూ రెండు క్షణాలు నడిచింది. అంటే గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా వస్తోంది. ఇంటేక్ గొట్టం కీళ్ళన్నీ ఒక్కొక్కటిగా విప్పితే ఒక చోట రబ్బరు రింగు గట్టిపడి పగుళ్ళిచ్చింది. మార్చి మళ్ళీ మూశాం. టక్కున ఆగింది.

భద్రతా సామగ్రిలో తేదీలే ప్రాణం. బెల్టుల లేబుల్ మీద ఏ ఏడాది దాకా చెల్లుతాయో రాసి ఉంటుంది, సీటుకూ ఆమోదపు గడువుంటుంది, మంటలార్పే సిస్టమ్‌కు రెండేళ్ళకోసారి సర్వీసు కావాలి. కో-డ్రైవర్ వైపు బెల్టు చూడ్డానికి కొత్తగా ఉన్నా దాని ఏడాది దాటిపోయింది, రెండువైపులా మార్చేశాం. కారు బోల్తా పడితే లోపలివాళ్ళను కాపాడే రోల్ కేజ్ మీద గుర్తింపు పలక ఉందా, ఎక్కడైనా ఎవరైనా రంధ్రం చేశారా, వెల్డింగు పెట్టారా అని టార్చితో వెతికాను. ఆమోదం పొందిన కేజ్‌ను ముట్టుకుంటే ఆ ఆమోదం పోయినట్టే. బయటి కరెంటు స్విచ్ దగ్గర తెల్ల అంచున్న నీలి త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు, ఆర్పే సిస్టమ్ దగ్గర ఎర్ర ఇంగ్లిషు ‘E’ అక్షరం ఉండాలి. బెల్టు కోసే కత్తులు రెండూ కట్టుకుని కూర్చున్న మనిషి చేతికి అందాలి. డ్రైవర్‌ను నిజంగా కూర్చోబెట్టి బిగించి, కళ్ళు మూసుకుని తీయమన్నాను.

స్క్రూటినీ రోజు నేను భయపడ్డంత జరగలేదు. పెద్ద స్క్రూటినీరు నేరుగా ముందు చక్రం దగ్గరికి వెళ్ళి అప్‌రైట్ వైపు వేలు చూపించారు. "దీని పేజీ?" రంగు చీటీ పెట్టి ఉంచిన ఎక్స్‌టెన్షన్ తెరిచి ఇచ్చాను. ఆయన ఆర్మ్ మీది నంబరు రెండువైపులా చదివి, తలూపి, టర్బో వైపు నడిచారు. గేజి పెట్టి చూసి, తీగ దూర్చి, సీలు నొక్కి, ఆ సీలు నంబరు కాగితం మీద రాసుకున్నారు. హెల్మెట్లు, మెడను కాపాడే హాన్స్, డ్రైవింగ్ సూట్ల లేబుళ్ళు ఇంకో బల్ల మీద చూశారు. అక్కడ పెద్దగా ఆలస్యం కాలేదు.

తూకం గురించి ఒక మాట. ర్యాలీ2 కనీస బరువు 1230 కిలోలు, ఇద్దరు మనుషులూ వాళ్ళ సామగ్రితో కలిపి 1390. స్పేర్ వీల్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది, రెండోది ఉంటే దింపించి తూస్తారు. కాబట్టి రెండు స్పేర్లతో తూచుకుని నిశ్చింతగా ఉండకండి. మేం ఒక స్పేర్‌తోనే తూచి, కాస్త మిగులు ఉంచుకున్నాం. స్టేజిలో ఊడిపోయే ప్లాస్టిక్ ముక్కలకు కూడా బరువుంటుంది కదా.

ర్యాలీ ముగిశాక, కార్లను ఎవరూ ముట్టుకోకుండా నిలిపి ఉంచే పార్క్ ఫెర్మే నుంచి మా కారును చివరి స్క్రూటినీకి పిలిచారు. అక్కడ విప్పేది మన మెకానిక్‌లే, స్క్రూటినీర్లు పక్కన నిలబడి చూస్తారు. సీలు నంబరు సరిచూసి తీగ కత్తిరించారు, టర్బో విప్పించి గొంతు మళ్ళీ కొలిచారు. అప్‌రైట్‌ను విడిగా తూచి ఫారంలోని కనీస బరువుతో పోల్చారు. అన్నీ సరిపోయాయి. కారు అప్పగిస్తూ కాగితం మీద సంతకం చేసిచ్చారు. దాన్ని ఫైల్లో ఎక్స్‌టెన్షన్ పేజీ వెనకే పెట్టాను. వచ్చే సీజన్‌కు మార్చాల్సిన సీట్ల ఆర్డరు కూడా ఆ వారమే పంపించేశాను.