అడుగుతానని ముందే చెప్పి అడగడం

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు ఇళ్లలో పిల్లను అడిగే పని పెద్దలది. ఎవరో ఒక మేనమామ ముందుగా మాట కదుపుతాడు, ఆ తరువాత అమ్మలిద్దరూ ఫోన్లలో గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, చివరికి తాంబూలాలకు మంచిరోజు చూస్తారు. మా విషయంలో ఈ తతంగం చాలావరకు గడిచిపోయింది. రెండు ఇళ్లవారూ ఒప్పుకున్నారు, మిగిలింది తేదీ ఒక్కటే. అయినప్పటికీ నేను చేసుకోబోయే అమ్మాయిని స్వయంగా ఒకసారి అడగాలని అనుకున్నాను, ఎందుకంటే ఇంత జరిగినా మా ఇద్దరిలో ఎవరమూ రెండోవారిని ఆ ప్రశ్న అడగనే లేదు. నేను అడిగినట్టూ, ఆమె ఔనన్నట్టూ అందరూ అనుకున్నారు, మేమూ అలాగే అనుకుంటూ వచ్చాము. ఈ మాట నాయనమ్మతో చెబితే, "అడగడానికేటుందిరా, ఊరంతటికీ తెలిసిన సంగతే కదా" అని నవ్వేసింది. ఊరికి తెలిస్తే ఆమెను అడిగినట్టు ఎలా అవుతుందని నేను పట్టుబట్టాను.

అసలు చిక్కు ఆమెతోనే వచ్చింది. ఆమె పర్లాకిమిడిలో లెక్కల తనిఖీ ఉద్యోగం చేస్తూ వారాంతాలకు బరంపురం వస్తుంది. ఒక ఓచరు మీద సంతకం కాస్త వంకరగా ఉన్నా సరే, పాత సంతకాలన్నీ తీయించి పక్కన పెట్టి చూసే స్వభావం. నా ఆదాయపు పన్ను రిటర్ను కూడా ఆమే వేస్తుంది కాబట్టి నా బ్యాంకు ఖాతాలో ఏ నెలలో ఏ ఖర్చు పెరిగిందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఒకరోజు మాటల మధ్యలో, "నువ్వు ఎప్పుడో ఒకనాడు నన్ను అడుగుతావు, నాకు తెలుసు. ఆ రోజు ఏదో కూడా నీకంటే ముందు నేనే చెప్పేస్తాను, చూస్తూ ఉండు" అని సవాలు విసిరింది.

ఇటువంటి మనిషిని ఆశ్చర్యపరచడానికి చాలామంది తొక్కే దారి ఒకటుంది. వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరగడం, లేని పోట్లాట తెచ్చిపెట్టడం, ఇంకా ముదిరినవారైతే ప్రమాదం జరిగిందని స్నేహితుడిచేత ఫోను చేయించి ఆమె పరుగెత్తుకు వచ్చాక పూలు చేతికివ్వడం. వీడియోలలో ఇవి చూసేవారికి సరదాగానే ఉంటాయి. ఏడిపించి, ఆ ఏడుపు ఆరకముందే నవ్వమనడం నాకు మోటుగా తోస్తుంది. అన్నిటికీ మించి, అబద్ధాలను పట్టుకోవడమే వృత్తిగా ఉన్న మనిషి దగ్గర అబద్ధం మీద ఆధారపడిన ఏర్పాటు ఒక్కరోజు కూడా నిలవదు. అందుచేత అబద్ధం ఆడకూడదనీ, ఏ అలవాటునూ మార్చకూడదనీ రెండు నియమాలు పెట్టుకున్నాను. అనుమానం ఎప్పుడూ మార్పును చూసి పుడుతుంది. కొత్త చొక్కా, సెలూన్‌కు వెళ్లివచ్చిన తల, ఉన్నట్టుండి ఫోనుకు పెట్టిన తాళం, ఎన్నడూ లేనిది "ఆదివారం ఖాళీయేనా?" అన్న ప్రశ్న, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆమెకు చాలు.

అప్పుడు చేసిన పని, నాకు ఇప్పటికీ నచ్చేది, ఏమిటంటే ఆమెకు నిజం చెప్పేశాను. "నేను అడగబోతున్న మాట నిజమే. ఎప్పుడో, ఎక్కడో చెప్పను. పట్టుకోగలిగితే పట్టుకో." దాచవలసింది ఇక వేళ ఒక్కటే అయింది. ఏదో జరగబోతోందని తనకు తానుగా కనిపెట్టిన మనిషి ఒక రోజు మీదనే గురి పెడుతుంది, జరుగుతుందని చెప్పించుకున్న మనిషి ప్రతిరోజునూ అనుమానించవలసి వస్తుంది. ప్రతిరోజునూ అనుమానించడం ఎంతటి తనిఖీదారునికైనా అలసట కలిగించే పని.

ఆమె మొదట అనుమానించిన చోట్లు మా వైపు ఎవరైనా ఊహించగలిగినవే. గోపాలపూర్ దీపస్తంభం, రంభ దగ్గర చిలికలో పడవ, తప్తపాణి వేడినీటి గుండం, చంద్రగిరి దాటాక జిరంగలోని టిబెటన్ల బౌద్ధ విహారం. నేను వీటిలో ఏ ఒక్కదానికీ వెళ్లడం మానలేదు, ఎప్పటిలాగే వెళుతూ వచ్చాము. గోపాలపూర్ ఇసుకలో ఒక సాయంత్రం నా బూటు లేసు ఊడి వంగినప్పుడు ఆమె గభాలున రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, "ఏటి, ఇక్కడేనా? ఇంత మామూలుగానా?" అంది. లేసు ముడి వేసుకుని లేచి పల్లీలు కొందామన్నాను. రంభలో పడవవాడు ఒడియాలో ఏదో అంటూ నన్ను ముందుకు రమ్మని పిలిస్తే, వాడికి నేనే డబ్బిచ్చి ఉంటానని దారి పొడవునా వాడిని ప్రశ్నలతో వేధించింది. ఆమె పుట్టినరోజు ఏ విశేషమూ లేకుండా గడిచింది, ఫిబ్రవరి 14 కూడా అలాగే. కొన్ని నెలలకు చూపులో పదును తగ్గింది, ఆ తరువాత ఆ ప్రస్తావనే తగ్గింది.

సముద్రపు ఒడ్డున ఆ పని పెట్టుకోవాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. అక్టోబరులో మా తీరాన్ని నమ్మి ఏదీ నిశ్చయించుకోకూడదు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు వచ్చింది. అలాగే ఋషికుల్యా నది కడలిలో కలిసే చోట వేసవి మొదట్లో ఇసుక నిండా దీపాలు పేర్చి పెళ్లి మాట అడగాలన్న సరదా ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే తీరం అది. గుడ్లలోంచి రాత్రిపూట బయటపడే పిల్లలు సముద్రం మీది వెలుతురును చూసి దారి తెలుసుకుంటాయి, ఒడ్డున దీపాలుంటే అటే నడుస్తాయి. ఒకరి మెప్పు కోసం అన్ని ప్రాణాలను దారి తప్పించడం ఎందుకు?

ఇక ఉంగరం. కొలత దొరకడం ఆషాఢంలో కుదిరింది. మా ఇంటి పెరట్లోని గోరింటాకు కోసి నాయనమ్మ రుబ్బితే, ఆమె, మా చెల్లెలు, పక్కింటి ఆడపిల్లలు అందరూ వరండాలో కూర్చుని పెట్టుకున్నారు. గోరింటాకు వేళ్లకు పెట్టేముందు ఆమె ఉంగరం తీసి స్టీలు పళ్లెంలో పెట్టింది. చెల్లెలు పెట్టుకోవడం మొదలు పెట్టకముందే ఆ ఉంగరాన్ని తన వేలికి తొడిగి చూసి నా వైపు కనుబొమ ఎగరేసింది. సరిగ్గా పట్టింది. ఆమె ఉంగరపు వేలు, మా చెల్లెలి ఉంగరపు వేలు ఒకే కొలత. దీనితో దారి తెరుచుకుంది, ఎందుకంటే ఇకపై కంసాలి దగ్గరికి వెళ్లవలసింది నేను కాదు, చెల్లెలు. పెళ్లికెదిగిన పిల్ల తన వేలికి కొలత ఇచ్చి ఉంగరం చేయించుకుంటే బరంపురంలో ఎవరూ తల తిప్పి చూడరు. అదే నేను ఆ వీధిలో కనిపించి ఉంటే, సాయంత్రానికల్లా ఆ కబురు ఆమె పినతండ్రిగారి ఇంటికి చేరేది.

కొలతలు తెలియనివారికి కొంత వివరం అవసరం. మన దుకాణాల్లో ఉంగరం సంఖ్య 12 అంటే లోపలి చుట్టుకొలత సుమారు 52 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలతలోంచి 40 తీసివేస్తే వచ్చేదే ఇంచుమించుగా ఆ సంఖ్య. ఎండకు వేళ్లు కాస్త ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి. ఎడమచేతి వేలికీ కుడిచేతి వేలికీ తేడా ఉంటుంది కాబట్టి ఏ చేతిదో కూడా గమనించాలి. అనుమానం మిగిలితే రవ్వంత వదులుగానే చేయించడం మేలు, పట్టీ చుట్టూ రాళ్లున్న ఉంగరాన్ని తరువాత పెంచడం కష్టం.

డబ్బు విషయంలో బ్యాంకు ఖాతా జోలికే పోలేదు. నాయనమ్మ తన పాత కమ్మలు ఇచ్చింది. కంసాలి వాటిని కరిగించి, మచ్చు చూసి, తరుగు పోగా మిగిలిన బంగారానికి లెక్క కట్టాడు. దానికి తోడు కొంచెం కొత్త బంగారమూ మజూరీ చెల్లించాము, అదీ చెల్లెలి చేతి డబ్బే. ఒక చిన్న కెంపు పొదిగిన 22 క్యారట్ల ఉంగరం తయారైంది. లోపలివైపు స్వచ్ఛత తెలిపే 916 ముద్రా, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల అమ్మకానికి తప్పనిసరి చేసిన, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంకేతమూ ఉన్నాయి.

ఆ ఉంగరాన్ని బీరువాలో దాచి ఉంటే ఆమె ఏదో ఒక రూపంలో దాని జాడ పట్టేదని నా నమ్మకం. అందుకే దాచలేదు. చెల్లెలు దాన్ని వేలికి పెట్టుకుని ఇంట్లో అందరి ఎదుటా తిరిగింది. ఆ వారాంతం ఆమె వచ్చి చూడగానే చెయ్యి పట్టుకుని, "కొత్తదా? బాగుందే!" అంది. నాయనమ్మ కమ్మలు చెరిపించి చేయించామని చెల్లెలు చెప్పింది, అందులో అబద్ధమేమీ లేదు. ఎవరి కోసం అని ఆమె అడగలేదు. ఉంగరం తీయించి తన వేలికి పెట్టుకుని చూసింది, వెలుతురులో అటూ ఇటూ తిప్పింది, ఆపైన వృత్తి ధర్మం ఊరుకోనివ్వక ఫోనులో హాల్‌మార్కు నగల వివరాలు చూపే బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరు అక్షరాలూ కొట్టి వివరాలు సరిచూసింది. "పర్వాలేదు, సరిగ్గానే ఉంది" అని తిరిగి ఇచ్చేసింది. తన ఉంగరాన్ని తానే తనిఖీ చేసి ఆమోదించుకుంది, ఇంతకంటే నాకేం కావాలి?

ఈ సంగతి తెలిసినవారు నాయనమ్మ, చెల్లెలు మాత్రమే. ఆమె తల్లిదండ్రులకు చెప్పకపోవడం మర్యాద కాదని కొందరు అనవచ్చు. అయితే వారి ఒప్పుదల మాకు ఎప్పుడో అందింది. పైగా ప్రతి రాత్రీ కూతురితో అరగంట మాట్లాడే తల్లి గుండెలో ఈ మాట మోసుకుంటూ తిరగడం ఆమెకే శిక్ష.

వేళను ఎంచుకోవడంలో పంచాంగం నాకు తోడ్పడింది. ఆషాఢ, భాద్రపదాలు శూన్యమాసాలు, మా ఇళ్లలో అప్పుడు పెళ్లి మాటే ఎత్తరు. శ్రావణంలో ఆమె మళ్లీ కాస్త జాగ్రత్త పడింది, అది దాటిపోగానే ఇక మాఘంలోనే కాబోలు అనుకుని నిశ్చింతగా ఉండిపోయింది. నేను భాద్రపదం అనగానే నాయనమ్మ గొడవ పెట్టింది. చివరికి, మాట అడగడానికి మాసంతో పని లేదు గాని మహాలయ పక్షాలు మొదలవకముందే కానివ్వాలనీ, వర్జ్యం, రాహుకాలం తప్పించాలనీ, చెల్లెలి వేలినుంచి వచ్చిన ఉంగరం కాబట్టి పాలతో కడిగి ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు. ఆమె ఎక్కే పర్లాకిమిడి బస్సు అంతకు చాలా ముందే బయలుదేరుతుంది.

బస్సునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నలుగురిలో చప్పట్ల మధ్య అడగడం నాకు ఇష్టం లేదు, ఆ చప్పట్లు ఆమెకు కాదనే వీలు లేకుండా చేస్తాయి. ప్రతి సోమవారం తెల్లవారుజామున నేను ఆమెను కొత్త బస్టాండుకు తీసుకువెళ్లి, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, రెండు టీలు తెచ్చి, కండక్టరు ఈల వేసేవరకు పక్కన కూర్చుంటాను. ఈ వరసలో ఆ రోజు ఏదీ మారలేదు. అడిగాక కూడా ఆమె చేతిలో గంటల ప్రయాణం ఉంటుంది, కావాలంటే ఏమీ చెప్పకుండానే వెళ్లి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ముందు సీటులో ఒక ముసలాయన శాలువా కప్పుకుని నిద్రపోతున్నాడు, డ్రైవరు కింద నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, జేబులోంచి ఉంగరం తీసి, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగాను. ఆమె ఉంగరాన్ని చూసి, ముఖం చిట్లించి, "ఇది మీ చెల్లిది కదా! దానికి చెప్పే తెచ్చావా?" అంది. నేనేమీ అనలేదు. గోరింటాకు, నాయనమ్మ కమ్మలు, యాప్‌లో తాను కొట్టిన ఆరు అక్షరాలు, ఒక్కొక్కటిగా వెనక్కి లెక్క కట్టుకోవడం ఆమె కళ్లలో కనబడింది. గ్లాసు నా చేతిలో పెట్టేసి, ఉంగరం తీసుకుని తానే తొడుక్కుని, "చేసుకుంటాను. ఏరా, నాచేతే సరిచూపించావా!" అని నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. కండక్టరు ఈల వేశాడు, నేను రెండు గ్లాసులతో దిగిపోయాను.

బస్సు దారిలోని మోహన అనే ఊరు చేరేసరికి ఆమె ఫోను చేసి తన అనుమానాల జాబితా అంతా వినిపించింది. జిరంగలో నేను ఏదో చేయబోయి వెనక్కి తగ్గానని ఆమె ఇప్పటికీ వాదిస్తోంది, అక్కడ నేను చేయబోయింది మోమోలు కొనడమే. తాంబూలాలు ఆశ్వయుజంలో విజయదశమి తరువాత పెట్టుకుందామని పెద్దలు అనుకుంటున్నారు. ఈలోగా చెల్లెలు, తన వేలు ఇన్నాళ్లూ ఉచితంగా పనిచేసిందని గుర్తుచేస్తూ, అదే కొలతకు తనకూ ఒక ఉంగరం చేయించమంటోంది. ఈసారి ఖర్చు నా ఖాతాలోంచే పోవాలట.