గొలుసు లేని సర్వేయరు

లీడ్స్‌లోని ఒక స్థిరాస్తి సలహా సంస్థలో గ్రాడ్యుయేట్ సర్వేయరుగా ఉద్యోగం వచ్చిందని 2022లో తెనాలికి ఫోను చేసినప్పుడు, సివిల్ ఇంజినీరింగు చదివించింది గొలుసు పట్టుకుని గట్లు కొలవడానికా అని నాన్న నొచ్చుకున్నారు. సర్వేయరంటే మనకు ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), హద్దురాళ్లు, సెంట్లే గుర్తుకొస్తాయి కనుక ఆయనను తప్పుపట్టలేను. ఇంగ్లండులో 1947 నాటి ప్రణాళికా చట్టం తరువాత స్థలం సొంతమైనంత మాత్రాన కట్టే హక్కు రాదు, స్థానిక కౌన్సిలు అనుమతి కావాలి. ఒక స్థలంలో ఏమి కట్టనిస్తారు, కట్టినది ఎంతకు అమ్ముడవుతుంది, ఆ లెక్కన నేడు ఆ స్థలానికి ఎంత ఇవ్వవచ్చు అన్నవి తేల్చడమే నా పని.

దీనికి వాడే రెసిడ్యువల్ పద్ధతి, అంటే అమ్మకాల్లోంచి ఖర్చులూ లాభమూ పోగా మిగిలినదే స్థలం విలువ అనే లెక్క, చూడడానికి సులువు. ఇరవై ఇళ్లు 60 లక్షల పౌండ్లకు అమ్ముడవుతాయనుకుని, అందులోంచి ఖర్చులు 39 లక్షలు, అమ్మకాలపై 20 శాతం చొప్పున బిల్డరు లాభం 12 లక్షలు తీసివేస్తే స్థలానికి 9 లక్షలు మిగులుతాయి. అయితే ఇళ్ల ధరలు 5 శాతం తగ్గితే ఆ మిగులు 6 లక్షల 60 వేలకు, అంటే పావు వంతుకు పైగా పడిపోతుంది. హైదరాబాదులో యజమాని డెవలప్‌మెంట్ ఒప్పందం రాసుకుని ఫ్లాట్లలో వాటా తీసుకుంటే ధరల ఒడుదొడుకులు ఇద్దరూ పంచుకుంటారు. ఇక్కడ నా దగ్గరకు వచ్చిన యజమానులు ఎక్కువగా రొక్కమే అడిగారు, కనుక తరువాత ధర తగ్గితే ఆ నష్టం స్థలం కొన్నవారిదే. అందుకే మా మేనేజరు నా మొదటి లెక్క చూసి, మొత్తాన్ని వదిలేసి, ఇంటి ధర ఎక్కడి నుంచి తెచ్చావని మాత్రమే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

లెక్కకు అందనివీ ఉంటాయి. ఒక పాత మిల్లు పైకప్పులో గబ్బిలాలు ఉండవచ్చని తేలింది. వాటికి చట్టరక్షణ ఉంది, అవి సాయంత్రం బయటికి వచ్చే తీరును వేసవి నెలల్లోనే పరిశీలించాలి, మేము తెలుసుకున్నదేమో అక్టోబరులో. అనుమతి దరఖాస్తు మరుసటి ఏడాదికి వాయిదా పడింది, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు.

నాకూ గడువులే సమస్య. ఇక్కడ ఎమ్మెస్సీ తరువాత నాకు ఇచ్చిన గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. సర్వేయర్ల వృత్తి సంస్థ ఆర్‌ఐసీఎస్‌లో సభ్యత్వానికి నేను ఎంచుకున్న మార్గంలో శిక్షణ 24 నెలలు, డైరీలో నమోదు చేయవలసిన పని 400 రోజులు. మా సంస్థ ఉద్యోగ వీసాకు స్పాన్సరు చేయకపోతే రెండూ ఒకేసారి ముగిసేవి, చేస్తారో లేదో చివరి రెండు నెలల వరకు తెలియలేదు. ఆ ఆందోళనలోనే మూడు వేల మాటల కేస్ స్టడీ రాసి, గంటసేపు సాగే ఇంటర్వ్యూకు కూర్చుని, మొదటిసారి నెగ్గలేకపోయాను. ప్రయోజనాల సంఘర్షణపై నియమాలన్నీ అప్పజెప్పాను గానీ, స్థలం అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ మా సంస్థ ఖాతాదారులే అయితే నేను స్వయంగా ఏమి చేస్తానో చెప్పలేకపోయాను. రెండోసారి ఆ ప్రశ్నకు తడుముకోలేదు.

ఎంఆర్‌ఐసీఎస్, అంటే ఆ సభ్యత్వం, వచ్చిందని చెప్పగానే నాన్న, ఈసారి వచ్చినప్పుడు మన తూర్పు గట్టు కొలవాలిరా, పక్కవాళ్లు రెండు సెంట్లు కలుపుకున్నట్టుంది అన్నారు. మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టమని చెప్పాను.