సోషియాలజీ నెట్: మూడో అటెంప్ట్‌లో వచ్చింది, రెండోది ఎందుకు పోయిందో చెప్తాను

ఫ్రెండ్స్, నిన్న రాత్రి రిజల్ట్ చూసుకున్నాను. యూజీసీ నెట్‌లో, అంటే కాలేజీలో పాఠాలు చెప్పడానికి రాసే జాతీయ అర్హత పరీక్షలో, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను. 300కి 194. జేఆర్ఎఫ్ (రీసెర్చ్‌కి ఇచ్చే ఫెలోషిప్) రాలేదు, అయినా చాలా సంతోషంగా ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగింది, "ఇకనైనా కడుపునిండా తిని పడుకుంటావా?" అని.

మొదటి అటెంప్ట్ ఊరికే రాశాను. రెండోదే నన్ను కుంగదీసింది. పదకొండు నెలలు హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్నాను. ఫూకో, బోర్డ్యూ, గిడెన్స్ లాంటి పెద్ద థియరిస్టుల మీద ఆరు లాంగ్ నోట్‌బుక్స్ నింపాను. వచ్చింది 142. ఆన్సర్ కీ దగ్గర పెట్టుకుని తప్పులు లెక్కపెడితే, పోయినవి పెద్ద థియరీల్లో కాదు. స్టేటస్, రోల్, సమూహాలు, సోషియాలజిస్ట్ డర్కైమ్ చెప్పిన ఆత్మహత్య రకాలు. అన్నీ బీఏ ఫస్టియర్ పాఠాలే! "ఇవి మనకి వచ్చులే" అని నేను ముట్టుకోనివి.

అందులో ఒకటి అమెరికన్ సోషియాలజిస్ట్ మెర్టన్ మీద జతపరచండి ప్రశ్న. సమాజం చూపించే లక్ష్యాన్నీ, దానికి ఒప్పుకున్న మార్గాన్నీ మనుషులు ఎలా తీసుకుంటారో 1938లో ఆయన ఐదు రకాలుగా చెప్పాడు. రిచువలిజం అనగానే పూజలు, ఆచారాలు అనుకుని పెట్టేశాను. తప్పు. ఇంటికెళ్లి అటక మీది తెలుగు మీడియం ఫస్టియర్ పుస్తకం దించి, పాత హాల్‌టికెట్ వెనక టేబుల్ గీశాను. లక్ష్యం ఒక గడి, మార్గం ఒక గడి. రెండూ ఒప్పుకుంటే కన్ఫార్మిటీ. లక్ష్యం ఒప్పుకుని మార్గం కాదంటే ఇన్నోవేషన్, అంటే ఉద్యోగం కావాలి కానీ స్లిప్పులు పెట్టి రాసేవాడు. రెండూ వదిలేస్తే రిట్రీటిజం. రెండూ కాదని కొత్తవి తేవాలనుకుంటే రెబెలియన్. మరి లక్ష్యం వదిలేసి మార్గాన్ని మాత్రం పట్టుకుని వేలాడేవాళ్లెవరు?

పెన్ను అక్కడే ఆగిపోయింది. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి కుర్చీలో బ్యాగ్ పెట్టి సీటు ఆపుకోవడం, పదకొండింటికి టీ, చదివిన పేజీకే మళ్లీ హైలైటర్, రాత్రి ఇంటికి ఫోన్ చేసి "పన్నెండు గంటలు చదివాను" అని చెప్పడం. నెట్ వస్తుందన్న నమ్మకం పరీక్షకి నాలుగైదు నెలల ముందే పోయింది, లైబ్రరీకి వెళ్లడం మాత్రం మానలేదు. రిచువలిజం అంటే నేనే. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. ఆ ఐదు మాటలు మాత్రం మళ్లీ మర్చిపోలేదు.

అక్కణ్ణుంచి పద్ధతి మార్చాను. ప్రతి కాన్సెప్ట్‌కీ మూడే లైన్లు: నా తెలుగులో అర్థం, నాకు తెలిసిన మనుషుల నుంచి ఒక ఉదాహరణ, ఎవరు ఏ సంవత్సరంలో అన్నారు. ఉదాహరణకి చార్లెస్ కూలీ అనే సోషియాలజిస్ట్ చెప్పిన ప్రాథమిక సమూహం (దగ్గరి మనుషుల చిన్న గుంపు), 1909, మా హాస్టల్ రూమ్. డర్కైమ్ 1897లో చెప్పిన ఆత్మహత్య రకాలకి రెండే తాళ్లు: ఒకటి సమాజంతో కలిసిపోవడం, రెండోది కట్టుబాటు. కలయిక తగ్గితే ఇగోయిస్టిక్, మితిమీరితే ఆల్ట్రూయిస్టిక్. కట్టుబాటు సడలితే అనోమిక్, బిగుసుకుంటే ఫేటలిస్టిక్. డర్కైమ్ అనోమీ, మెర్టన్ అనోమీ ఒకటి కాదని కూడా అప్పుడే అర్థమైంది. డర్కైమ్‌ది కట్టుబాట్లు సడలిపోవడం. మెర్టన్‌ది సమాజం చూపించే లక్ష్యానికీ, అందరికీ అందని దారులకీ మధ్య ఉన్న దూరం.

సిలబస్‌లో గ్రామ అధ్యయనాల యూనిట్ అయితే మనకి మరీ దగ్గర. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో పుస్తకంగా రాసిన పల్లె హైదరాబాద్ పక్కనున్న మన శామీర్‌పేటే. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లొచ్చాను. దాని వల్ల మార్కేమీ రాలేదు, కానీ ఆ యూనిట్ అంటే భయం పోయింది.

అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఉమ్మడిగా ఉండే పేపర్-1కి పాత ప్రశ్నపత్రాలు చాలు. నెగెటివ్ మార్కుల్లేవు, రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నల్లో ఒక్కటి కూడా వదలకండి.

బాబాయి కూతురి పెళ్లికి వెళ్లలేదని మావాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు. పరీక్షకి పది రోజులే ఉంది, ఎలా వెళ్తాను? నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఫోన్ పక్కన పెట్టలేనివాళ్లు, ప్రతి ఫంక్షన్‌కీ వెళ్లేవాళ్లు టైమ్ సరిపోవడం లేదనకూడదు. "అక్కా, ఎన్ని గంటలు చదివావు?" అని మెసేజ్‌లు పెడుతున్నారు. చివరి ఆరు నెలలు రోజుకి ఆరు గంటలే. నమ్మండి.

ఆ ఫస్టియర్ పుస్తకం అడుగుతున్నవాళ్లకి: అట్ట ఊడిపోయింది, ఇప్పుడు మా చెల్లి చదువుతోంది. మీది కూడా ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి.