గోడకెక్కిన మోదుగ: రేకు మీద పాత బొమ్మ వేయించిన నా అనుభవం

నల్లకుంటలో మేముండేది పాత ఫ్లాటు. హాల్లో ఒక గోడకి అవతల బాత్రూము. వానాకాలం వస్తే ఆ గోడంతా చెమ్మ. అక్కడ కాగితం బొమ్మకి ఫ్రేము కట్టించి పెడితే కొన్నాళ్ళకే అద్దం లోపల బూజు, వెనక అట్టకి చెదలు. అందుకే ఈసారి అల్యూమినియం రేకు మీద ప్రింటు వేయిద్దామనుకున్నాను.

ఏ బొమ్మ అన్నదాని మీద నాకు ఊగిసలాట లేదు. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు సామర్లకోటలో తోట వేసి, కోరమాండల్ తీరం మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. వాటిని లండన్‌లో రాగిపలకల మీద చెక్కి, అచ్చువేసి, చేత్తో రంగులద్ది, 1795 నుంచి మూడు సంపుటాలుగా తెచ్చారు. మొత్తం 300 బొమ్మలు. గీసినవాళ్ళ పేర్లకి మాత్రం ఆ పుస్తకంలో చోటు దొరకలేదు. అందులో మోదుగ బొమ్మ నాకు కావాలి. మా అత్తయ్యగారి పుట్టిల్లు సామర్లకోట. "మా ఊళ్ళో దొరగారి తోటా? ఎవరూ చెప్పలేదే!" అని అనుమానంగా చూశారు కానీ, మోదుగ పువ్వు చూడగానే ఒప్పేసుకున్నారు.

రెండో బొమ్మ దగ్గరే పేచీ వచ్చింది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో పాముల మీద, 1803లో అక్కడి చేపల మీద పుస్తకాలు వేశాడు. ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్న రక్తపింజరని ఆయన 'కాటుకరేకుల పొడ' అని మన పేరుతోనే రాసుకున్నాడు. ఆ బొమ్మ మీద నాకు మనసైంది. "నాగులచవితికి పుట్టలో పాలు పోసొస్తే చాలు, గోడ మీద కూడా ఎందుకమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. చందువ చేపతో రాజీపడ్డాం.

ఇంత పాత పుస్తకాలకి కాపీరైటు బెడద లేదు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లలో స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్ మాత్రం దింపుకోకండి, అందులో బొమ్మల్ని బాగా కుదించేస్తారు. అసలు స్కాన్ వేరే ఫైలుగా ఉంటుంది, అదే కావాలి. 16 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు రేకుకి, అంగుళానికి 150 చుక్కల లెక్కన, కనీసం 2400, 3600 పిక్సెళ్ళు ఉండాలి. దగ్గరికెళ్ళి చూసే గోడైతే దీనికి రెట్టింపు. పెద్దది చేసి చూస్తే ఆకు ఈనెల వెంట సన్నటి చెక్కుడు గీతలు, ఒక పూరేకు చివర గీత దాటి బయటికి జారిన నారింజ రంగు కూడా కనిపించాయి. ఆ జారుడు చూశాక ఈ బొమ్మకి నేను పూర్తిగా పడిపోయాను.

ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసేవాళ్ళని అడిగితే, మెమెంటోలు చేసే షాపుకి వెళ్ళమన్నారు. రేకు మీద ప్రింటు వేయడానికి రెండు దారులు. యూవీ మెషీన్ సిరాని నేరుగా రేకు మీద వేసి, అతినీలలోహిత (యూవీ) వెలుతురుతో గట్టిపరుస్తుంది. పైపొర కాబట్టి గీతలు పడే భయం ఉంది. సబ్లిమేషన్‌లో ముందు కాగితం మీద బొమ్మని తిరగేసి వేస్తారు. తర్వాత ఆ కాగితాన్ని పూత పూసిన రేకు మీద పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడిలో నొక్కుతారు. రంగు ఆవిరై పూతలోకి దిగిపోతుంది. ఇందులో తెల్లసిరా ఉండదు, బొమ్మలో తెలుపు కావాలంటే రేకు పూతే తెల్లగా ఉండాలి. వెండిరంగు రేకు తీసుకుంటే పాతకాగితం ఉన్న చోటల్లా లోహం తళతళలాడుతుంది. ఫొటోలకి అది బాగుంటుందేమో, రాక్స్‌బర్గ్ మోదుగకి మాత్రం గిల్టునగ పెట్టినట్టుంటుంది. తెల్లపూత, మెరుపు లేని రకం అడిగాను.

కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఫైలు తెరవగానే, "మేడం, కాగితం గలీజుగుంది. ఎనక తెల్లగ చేసేద్దాం. పువ్వు ఇంకింత ఎర్రగ కొడితే మస్తుంటది" అన్నాడు. "తమ్ముడూ, ఆ పాతపసుపు కోసమే వచ్చాను" అన్నాను. అతను వింతగా చూసినా, ఓపికగా పనిచేశాడు. లైబ్రరీ ముద్ర తీయించాను. పువ్వు మీద పడ్డ ఒక గోధుమరంగు మచ్చనీ తీయించాను. మిగతా మచ్చలూ, చుట్టూ రాగిపలక నొక్కిన గుర్తూ ఉంచమన్నాను. ముందు అరచేతంత ముక్క మీద నమూనా వేయించాను, ఎందుకంటే సబ్లిమేషన్ కాగితం మీద రంగు వెలిసిపోయినట్టుంటుంది, వేడి తగిలాకే అసలు రంగు తేలుతుంది. మొదటి నమూనాలో పసుపు కాస్త ఆకుపచ్చకి తిరిగింది. సరిచేసి మళ్ళీ వేశాడు. ఫ్రేము కట్టించినదానికంటే ఖర్చు ఎక్కువే అయింది.

రేకు వెనక చిన్న దిమ్మలు అంటించి, గోడకి అంగుళం ఎడంగా వేలాడదీశాం. గాలి ఆడుతుంది కాబట్టి చెమ్మ వెనక నిలవదు. ఎండ నేరుగా తగిలితే ఈ రంగులూ వెలుస్తాయి, అందుకని పడమటి కిటికీకి ఎదురుగా పెట్టలేదు. చందువ వంటింటి గుమ్మం పక్కన ఉంది. రంగుల్లేని గీతల బొమ్మ కావడంతో షాపులో దాని మీద ఏ వాదనా రాలేదు. జిడ్డు పడితే తడిగుడ్డతో తుడిస్తే చాలు. గిన్నెలు తోమే పీచు మాత్రం దాని మీద పెట్టొద్దని పనమ్మాయికి మొదటిరోజే చెప్పాను.